తీర్పులో నీళ్లు, కాలువలో నీళ్లు

తుంగభద్రకు ఒక ఒడ్డున కర్నూలు, మరో ఒడ్డున నడిగడ్డ. 2014 నుంచి ఆ నది అక్కడ రెండు తెలుగు రాష్ట్రాల మధ్య హద్దు కూడా అయింది. పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు మాత్రం ఆగలేదు. ఈ సంవాదంలో మాట్లాడే ఇద్దరూ అలా కలిసిన బంధువులే. బావ నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరై కర్నూలులో ఉంటున్నారు. బావమరిది అలంపురం వైపు, రాజోలిబండ మళ్లింపు పథకం కాలువకు చిట్టచివరి ఆయకట్టు రైతు. ఆ పథకాన్ని అక్కడ అందరూ ఆర్డీఎస్ అంటారు. నది మీద నిర్ణయాలు ఎవరు చేయాలన్నది వీళ్లిద్దరి మధ్య ఎడతెగని వాదం.

రైతు: బావా, మొన్న ఫోన్లో మీరన్న మాట నాకు మింగుడుపడలేదు. నదిని రైతుల చేతికిస్తే గట్టు తగాదా చేసి పెడతారన్నారు. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నారా?

ఇంజనీరు: ఉన్నాను. రైతులంటే చులకనతో అన్న మాట కాదు, నది మీద భయంతో అన్నాను. నీ కాలువనే చూడు. ఆనకట్ట ఉన్నది కర్ణాటకలో, రాయచూరు జిల్లాలో. అక్కడ మొదలైన ఎడమ కాలువ పొడవు 143 కిలోమీటర్లు. అందులో మొదటి 42 కిలోమీటర్లు దాటేవరకూ కర్ణాటక భూమే. ఆనకట్టకు అవతలి ఒడ్డు ఆంధ్ర. నీ పొలం తెలంగాణ. నదిలో నీళ్లు తగ్గితే ఎగువన హొసపేట దగ్గరి తుంగభద్ర డ్యాం నుంచి వదలాలి, ఎన్ని నీళ్లు కావాలో తుంగభద్ర బోర్డుకు ఇండెంట్ పెట్టాలి. నీకు ఒక్క తడి రావాలంటే మూడు రాష్ట్రాలు, ఒక బోర్డు కదలాలి. దీన్ని ఊరి రచ్చబండ మీద తేలుస్తారా?

రైతు: రచ్చబండ మీద తేల్చాలని నేనెప్పుడన్నాను? మా మాట లేకుండా తేల్చొద్దంటున్నాను.

ఇంజనీరు: మీ మాట లేకుండా తేలబట్టే కదా మీకు హక్కు వచ్చింది! కృష్ణా నీళ్లు పంచడానికి 1969లో బచావత్ ట్రిబ్యునల్ వేశారు. 1973లో తీర్పు, 1976లో తుది నివేదిక. కృష్ణా నదిలో, మన తుంగభద్రతో కలిపి, నూరేళ్లలో 75 ఏళ్లు నమ్మకంగా దొరికే నీరెంతో లెక్క కట్టి 2060 టీఎంసీలన్నారు. దాన్ని రాష్ట్రాలకు, ప్రాజెక్టులకు పంచారు. ఆర్డీఎస్‌కు 17.1 టీఎంసీలు, అందులో 15.9 మీకు, 1.2 కర్ణాటకకు. మా కర్నూలు-కడప కాలువకు, అదే కేసీకి, 39.9. ఈ అంకెలు లేకపోతే నువ్వు ఎవరినీ ఏమీ అడగలేవు. వీటిని ఏ రైతు సభా తేల్చలేదు. ప్రవాహాల రికార్డులు, వాదోపవాదాలు, న్యాయమూర్తులు తేల్చారు.

రైతు: ఆ 15.9ని నేను కళ్లకద్దుకుంటాను బావా. మా 87,500 ఎకరాలకు అదే హక్కు పత్రం. కానీ నా మడిలోకి కాగితం పారదు. తీర్పు వచ్చి యాభై ఏళ్లు దాటింది. అందులో సగం నీళ్లు కూడా మా వైపు చేరని ఏళ్లే ఎక్కువ. కాలువలో పూడిక, తెగిన లైనింగు, దారి పొడవునా మోటార్లు. కర్ణాటక ఆఫీసుకు పోతే బోర్డు నీళ్లివ్వలేదంటారు. బోర్డు వాళ్లు మీ ఇండెంట్ ప్రకారమే వదిలామంటారు. మా శాఖ వాళ్లు హద్దు అవతల మా చేతిలో లేదంటారు. చివరికి ఏం చేశారు? 2018లో తుమ్మిళ్ల దగ్గర ఎత్తిపోతల పెట్టారు. వాలుకు పారి రావాల్సిన నీళ్లను కరెంటు ఖర్చు పెట్టి నదిలోంచి తోడుకుంటున్నాం.

ఇంజనీరు: ఆ నీళ్లు సుంకేసుల బ్యారేజీ దగ్గరివి. అక్కడ మీరు తోడితే మా కేసీ కాలువకు తగ్గుతుందని ఇటు ఒడ్డు రైతుల అభ్యంతరం.

రైతు: అదీ సంగతి! పైన 42 కిలోమీటర్లలో పోయిన నీళ్ల కోసం కింద మీరూ నేనూ కొట్టుకుంటున్నాం. తీర్పు ఇచ్చినవాళ్లు నీళ్లు పంచారు. ఆ నీళ్లు కాలువ వెంట ఎక్కడ ఎన్ని పోతున్నాయో చూడటం మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఇంజనీరు: అమలు బలంగా లేదంటావు, ఒప్పుకుంటాను. అయితే దానికి మందు బలమైన అథారిటీ. రైతుల భాగస్వామ్యం ఎలా మందవుతుంది? ఎగువన ఉన్నవాళ్లు రైతులు కారా? తుంగభద్ర ఎడమ కాలువ సంగతి చూడు. దాన్ని కట్టింది ఆరుతడి పంటలకు, కొద్ది నీళ్లను ఎక్కువ ఎకరాలకు పంచి కరువు నుంచి కాపాడటానికి. గంగావతి, సింధనూరు దగ్గర కోస్తా నుంచి మనవాళ్లు పోయి క్యాంపులు వేసుకున్నారు, కష్టపడి నేలను మాగాణి చేశారు. వరి పెరిగింది. కాలువ చివర మాన్వి, రాయచూరు వైపు రైతులకు నీళ్లు కరువయ్యాయి. అక్కడ అందరిదీ ఒకే రాష్ట్రం, ఒకే శాఖ, ఒకే కాలువ. అయినా మొదట్లో ఉన్నవాళ్లు చివరివాళ్ల కోసం ఒక్క మడి మానుకోలేదు. స్థానికులకు అధికారం అంటున్నావు. కాలువ మీద ఆ అధికారం ఎప్పుడూ తూముకు దగ్గరగా ఉన్నవాడికే చేరుతుంది. చివరివాడైన నీకు అది మేలెలా చేస్తుంది?

రైతు: ఇది గట్టి ప్రశ్న. దీన్ని దాటేస్తే నా వాదం నిలవదు. కానీ ఒకటి చూడండి. మీరు చెప్పిన ఆ పెత్తనం ఏ చట్టమూ ఇవ్వకుండానే వాళ్లకు వచ్చింది. ఎమ్మెల్యే ఫోను, లష్కర్ మొహమాటం, రాత్రిపూట లేచిన షట్టరు, ఇవే దాని ఆధారం. సంఘం లేనిచోట కాలువ మొదట్లో ఉన్నవాడిదే రాజ్యం. చివరివాడికి కుర్చీ ఉండాలంటే దాన్ని చట్టంలోనే రాయాలి. మహారాష్ట్ర రాసింది కూడా. అక్కడి 2005 చట్టంలో సంఘం కమిటీలో కాలువ మొదలు, నడుమ, చివర మూడు భాగాలకూ సమానంగా సభ్యులుంటారు. అధ్యక్ష పదవి వంతులవారీగా తిరుగుతుంది, ఆ వంతు చివరి ఆయకట్టుతో మొదలవుతుంది.

ఇంజనీరు: చట్టంలో రాయడం వేరు, నీళ్లు పారడం వేరు. ఇప్పటిదాకా నువ్వు నాకు చెప్తున్నదీ అదే.

రైతు: నీళ్లు పారినచోటు కూడా ఉంది. నాసిక్ జిల్లాలో వాఘాడ్ ప్రాజెక్టు. మన గోదావరి పరీవాహకమే. 1990ల మొదట్లో ఓఝర్ అనే ఊరి దగ్గర కాలువ చివరి రైతులు సంఘాలు పెట్టుకున్నారు. తర్వాత ప్రాజెక్టు కింది సంఘాలన్నీ కలిసి ఒక సమాఖ్య అయ్యాయి. శాఖ వాళ్లకు నీళ్లను ఎకరాల లెక్కన ఇవ్వదు, కొలిచి ఇస్తుంది. ఇన్ని ఘనపు మీటర్లు మీవి, ఏ పంట వేసుకుంటారో మీ ఇష్టం అంటుంది. కొలిచిన నీళ్లు కాబట్టి మిగుల్చుకుంటే లాభం వాళ్లదే. ద్రాక్షతోటలు వచ్చాయి. తడి ముందు చివరి పొలాలకు పోయి, తర్వాత మొదటికి వస్తుంది.

ఇంజనీరు: వాఘాడ్ చిన్న ప్రాజెక్టు. మొత్తం ఒకే జిల్లాలో ఉంది. మన దగ్గర అదే పని చేయబోయి ఏమైందో నేను దగ్గరుండి చూశాను. 1997లో ఆంధ్రప్రదేశ్ రైతుల నీటిపారుదల వ్యవస్థల నిర్వహణ చట్టం వచ్చింది. దేశంలో ఎవరూ చేయనంత పెద్ద ఎత్తున ఒకేసారి పదివేలకు పైగా నీటి సంఘాలకు ఎన్నికలు పెట్టారు. మొదటి రెండు మూడేళ్లు నిజంగానే బాగుంది. ఏళ్ల తరబడి ముట్టని కాలువల్లో పూడిక తీశారు, చివరి ఊళ్లు కొన్ని తొలిసారి నీళ్లు చూశాయి. ఆ తర్వాత సంఘం అంటే పనుల బిల్లు అయింది. అధ్యక్షుడే తెరవెనుక కాంట్రాక్టరు. పదవి రాజకీయాల్లో తొలిమెట్టు. ఎన్నికలు సమయానికి జరగలేదు, పదవీకాలం ముగిసిన సంఘాలు ఏళ్లకేళ్లు అలాగే ఉండిపోయాయి. ఆంధ్రలో మళ్లీ ఎన్నికలు జరిగింది 2024 డిసెంబరులో. ఇప్పుడు చెప్పు, ఇలాంటి సంఘాల చేతికి మూడు రాష్ట్రాల నదిని ఎలా ఇస్తావు?

రైతు: మీరు చెప్పిందంతా నిజం. మా ఊళ్లోనూ అదే జరిగింది. కానీ అది ఎందుకు జరిగిందో చూడండి బావా. ఆ సంఘాలకు పనులిచ్చారు, డబ్బులిచ్చారు. నీళ్లు మాత్రం ఇవ్వలేదు. మా డిస్ట్రిబ్యూటరీకి ఈ కారులో ఎన్ని నీళ్లు వస్తాయో ఏ అధ్యక్షుడికైనా ముందుగా చెప్పారా? తూము దగ్గర నమ్మదగిన గేజి పెట్టారా? చట్టంలో మూడంచెలు రాశారు. ఊరి సంఘం, దాని మీద డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ఆ పైన ప్రాజెక్టు కమిటీ. పై అంచె చాలాకాలం ఏర్పడనే లేదు. నీళ్ల నిర్ణయం జరిగేది అక్కడే కదా. పంచడానికి నీళ్లు లేని సంఘం దగ్గర మిగిలింది బిల్లులే. బిల్లులున్న చోటికి కాంట్రాక్టరే వస్తాడు.

ఇంజనీరు: ఇందులో మా శాఖ తప్పుందని నేనూ ఒప్పుకుంటాను. కొలతలు బయటపెట్టడం మాకెప్పుడూ ఇష్టం ఉండదు. అంకె బయటికొస్తే నిలదీస్తారని భయం. కానీ రైతులు కొలుస్తారా? గేజి చదివి, క్యూసెక్కులు కట్టి, ఆవిరి నష్టం తీసేసి, నెల లెక్క చెప్పగలరా?

రైతు: మీ కర్నూలు జిల్లాలోనే, మా పాలమూరులోనే చెప్పారు కదా! 2003 నుంచి కొన్నేళ్లు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతుల భూగర్భజల పథకం నడిచింది. ఏడు కరువు జిల్లాలు, ఆరు వందలకు పైగా పల్లెలు. అక్కడక్కడా వానకొలత పాత్రలు పెట్టారు. ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టం కొలిచింది రైతులే, ఆడవాళ్లూ కొలిచారు. ఊరి గోడ మీద బోర్డు రాసిపెట్టారు. పథకం ఊరి హద్దును లెక్కలోకి తీసుకోలేదు, వాగు పరీవాహకాన్నే ఒక యూనిట్‌గా తీసుకుంది. వానాకాలం అయిపోగానే ఎంత నీరు దిగింది, యాసంగికి ఎంత పంట వేయొచ్చు అని సభలో బడ్జెట్ వేసేవారు. ఎవరూ ఎవరికీ ఆంక్ష పెట్టలేదు. లెక్క చూసి చాలామంది వరి తగ్గించి ఆరుతడికి మారారు.

ఇంజనీరు: ఆ పథకం గురించి నాకు తెలుసు, దాని మీద గౌరవమూ ఉంది. కానీ అక్కడ లెక్క తప్పితే ఎండేది నీ బోరే. అందుకే అందరూ నిజం రాశారు. నదిలో అట్లా కాదు. ఎగువవాడు ఎక్కువ తీసుకుని తక్కువ రాస్తే ఎండేది దిగువవాడి చేను. ఇంకొకటి చెప్తాను. రైతులు రాష్ట్రాలు దాటి కూర్చున్న సందర్భం ఒకటుంది. కావేరి. 1991లో మధ్యంతర ఉత్తర్వు తర్వాత బెంగళూరులో తమిళుల మీద దాడులు జరిగాయి. 2003లో రెండు రాష్ట్రాల రైతు నాయకులు మద్రాసులో కలిసి కావేరి కుటుంబం అని పెట్టుకున్నారు. ఏళ్ల తరబడి మాట్లాడారు. కరువు ఏడాది నీళ్లు ఎలా పంచుకోవాలనే సూత్రం మాత్రం కుదరలేదు. తుదకు తేల్చింది 2018లో సుప్రీంకోర్టే. మనుషులు మంచివాళ్లే, కానీ ఎండాకాలం నీళ్ల దగ్గర ఎవరి చేను వారిదే.

రైతు: సూత్రం కుదరలేదు, నిజమే. కానీ ఆ కుటుంబంలోని వాళ్లు ఒకరి పొలాలకు ఒకరు పోయి చూశారు. మండ్య రైతు తంజావూరు చేను, తంజావూరు రైతు మండ్య చేను. అప్పటిదాకా వాళ్లు ఒకరినొకరు పేపర్లోనే చూశారు. మనకు అది కూడా లేదు. రాజోలిబండ ఆనకట్ట మరమ్మతు మాట ఎత్తితే మీ ఒడ్డు వాళ్లు ఎత్తు పెంచుతున్నారంటూ అడ్డం నిలుస్తారు. తూములు మూయాలా తెరవాలా అని రెండు ఒడ్ల వాళ్లూ మీదికి మీదికి పోయారు. మా ఊరివాళ్లెవరైనా కేసీ ఆయకట్టు చూశారా? మీ వాళ్లెవరైనా మా చివరి కాలువలో మొలిచిన తుమ్మచెట్లు చూశారా? పది మైళ్ల దూరం కూడా లేదు!

ఇంజనీరు: చూస్తే నీళ్లు పెరుగుతాయా?

రైతు: పెరగవు. అబద్ధాలు తగ్గుతాయి. ఇక మీ బలమైన అథారిటీ మాట. 2014 విభజన చట్టంలో కృష్ణా బోర్డు పెట్టారు. దానిమీద కేంద్రమంత్రి, ఇద్దరు ముఖ్యమంత్రులు ఉన్న అపెక్స్ కౌన్సిల్. మొదటి ఆరేళ్లలో ఆ కౌన్సిల్ రెండుసార్లే కూర్చుంది, 2016లో ఒకసారి, 2020లో ఒకసారి. ఆ బోర్డు ఉండగానే 2023 నవంబరు 30న నాగార్జునసాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. రైతులను కూర్చోబెడితే గొడవలవుతాయన్నారు కదా. ఆ రోజు డ్యాం మీద రైతు ఒక్కడైనా ఉన్నాడా? రైతుతో ప్రమేయం లేకుండానే అంత గొడవైంది.

ఇంజనీరు: అది రాజకీయం.

రైతు: నీళ్లు అందేవాడికి నీళ్లు వదిలేవాడితో మాట్లాడే చోటు లేనప్పుడు మధ్యలో మిగిలేది రాజకీయమే బావా.

ఇంజనీరు: సరే, ఇంకో వైపు నుంచి వస్తాను. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాంలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. 33 గేట్ల డ్యాం, కట్టి 70 ఏళ్లు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు, ఇంజనీర్లు, కార్మికులు ప్రాణాలొడ్డి, పారుతున్న నీళ్లలో స్టాప్‌లాగ్ దించి వారం రోజుల్లో నీళ్లు ఆపారు. ఆ వారం సభలు పెట్టి చేతులెత్తమంటే డ్యాం ఖాళీ అయ్యేది. వరద వచ్చినప్పుడు ఎన్ని గేట్లు ఎత్తాలో ఓట్లతో తేలదు. 133 టీఎంసీల డ్యాం పూడిక పేరుకుని 105కు వచ్చింది, దానికి పరిష్కారమూ ఓట్లతో రాదు.

రైతు: ఆ వారం మేమంతా టీవీల ముందు చేతులు జోడించి కూర్చున్నాం. ఆ మనుషులకు మా తరాలు రుణపడి ఉంటాయి. గేటు ఎలా దించాలో మీరు తేల్చండి, వరద ఎలా వదలాలో మీరు తేల్చండి. వాటి జోలికి నేను రాను. కానీ డ్యాంలో నీళ్లు తగ్గాయి, మిగిలినవి ఎవరికి ఎన్ని రోజులు, రెండో పంటకు ఏ కాలువ ఆగాలి? ఇది ఇంజనీరింగు కాదు. నష్టం పంచుకోవడం. నష్టం మోసేవాడు లేని గదిలో దాన్ని పంచకూడదు. తుంగభద్ర బోర్డులో కేంద్రం ఉంది, మూడు రాష్ట్రాల అధికారులున్నారు. ఆయకట్టు రైతు లేడు.

ఇంజనీరు: నువ్వు పెట్టిన ఈ గీత బాగుంది. ఇంతసేపట్లో నేను ఒప్పుకోగలిగిన మొదటి మాట ఇది. కానీ ఆయకట్టు రైతు అన్నావు కదా, ఎవరు వాడు? అలంపురంలో ఉండే భూస్వామా, కౌలుకు దున్నేవాడా? సుంకేసుల నీళ్లు తాగే కర్నూలు పట్టణం మాటేమిటి? తుంగభద్రలో చేపలు పట్టే వాళ్ల మాటేమిటి? శ్రీశైలం కింద ఊళ్లు మునిగి, నది ఒడ్డునే ఉండి ఆ నది నీళ్లు అందని వాళ్లున్నారు మీ వైపు. వాళ్లెవరూ నీ సంఘంలో లేరు. పట్టాదారుల సభను ప్రజల భాగస్వామ్యం అంటే నేను ఒప్పుకోను.

రైతు: ఒప్పుకోకండి. అది నా వాదంలో లోటే. 1997 చట్టంలో రికార్డున్న కౌలుదారు సభ్యుడు కావచ్చని ఉంది. అయితే కౌలు నోటిమాట మీద నడిచే చోట రికార్డు ఎక్కడ ఉంటుంది? మా చివరి ఆయకట్టులో సాగు చేసేది సగం వాళ్లే. పట్టా పేరు మీద కాక, సాగు పేరు మీద సభ్యత్వం ఉండాలి. తాగునీటి వాళ్లకు, చేపలవాళ్లకు, ముంపు ఊళ్లకు కూడా చోటుండాలి. అంతమంది కూర్చుంటే మాట తెగడం కష్టమే. కానీ వాళ్లను బయట ఉంచి తెంచిన మాట నిలబడదు.

ఇంజనీరు: ఇక నా షరతులు విను. ఒకటి, ట్రిబ్యునల్ పంచిన వాటాలను ఏ సభా తిరగదోడకూడదు. వాటాలు మళ్లీ బేరానికొస్తే బలవంతుడే గెలుస్తాడు, ముందు ఓడేది నువ్వే. రెండు, డ్యాం భద్రత, వరద పూర్తిగా ఇంజనీర్ల చేతిలో. మూడు, కొలత లేనిదే చర్చ లేదు.

రైతు: మూడూ ఒప్పుకున్నాను. మూడోదాన్నే పట్టుకుంటాను. ఆర్డీఎస్ కాలువ కర్ణాటక దాటి తెలంగాణలోకి వచ్చేచోట గేజి పెడదాం. అటు ఆయకట్టు నుంచి ఒకరు, ఇటు నుంచి ఒకరు, శాఖ మనిషి ఒకరు రోజూ పొద్దున చదివి ముగ్గురూ సంతకం పెట్టాలి. ఆనకట్ట దగ్గర ఇంకో గేజి. అక్కడ కేసీ రైతు కూడా సంతకం పెట్టాలి. అంకెలు అదే రోజు ఊళ్లలో బోర్డు మీద రాయాలి. ఆనకట్ట దగ్గర వంద, హద్దు దగ్గర నలభై అయితే మధ్యలో అరవై ఎక్కడ పోయిందో వెతకడానికి మూడు రాష్ట్రాల వాళ్లం కలిసి కాలువ గట్టు మీద నడుస్తాం. తిట్టుకోవడానికి అప్పుడు తావుండదు.

ఇంజనీరు: దీనికి నేనొకటి కలుపుతాను. డ్యాం నుంచి నదిలోకి వదిలే నీళ్లలో మీకూ వాటా ఉంది, మాకూ ఉంది. విడివిడిగా కొద్దికొద్దిగా వదిలితే ఎండిన ఇసుక సగం తాగేస్తుంది, దారిలో మోటార్లు కొంత తాగుతాయి. ఆర్డీఎస్, కేసీ ఒకేసారి ఇండెంట్ పెడితే ప్రవాహం బలంగా వస్తుంది, ఇద్దరికీ ఎక్కువ దక్కుతుంది. అధికారులు అలా ఉమ్మడి ఇండెంట్లు పెడుతూనే ఉన్నారు. పొలంలో తడి ఎప్పుడు కావాలో ముందుగా రెండు ఒడ్ల రైతులూ కూర్చుని తేదీలు కుదుర్చుకుంటే ఆ ఇండెంట్ సరైన వేళకు పడుతుంది. ఇది మీరు మాకన్నా బాగా చేయగలరు. పైరు వాడుతున్నది మీ కళ్లముందు.

రైతు: అయితే ఒడ్లు రెండూ ఒకచోట కూర్చోవాలని మీరే అంటున్నారు!

ఇంజనీరు: తేదీల కోసం అన్నాను. కరువు ఏడాది కోత ఎవరికెంత అన్న సూత్రం కూడా మంచి ఏడాదిలోనే, చెరువులు నిండి అందరూ కులాసాగా ఉన్నప్పుడే కూర్చుని రాసుకోవాలంటాను. కావేరిలో అది కుదరకపోవడానికి సగం కారణం ఎండలో కూర్చుని మాట్లాడటమే అని నా నమ్మకం. కానీ బోర్డులో రైతుకు ఓటు ఉండాలంటే మాత్రం నేనింకా ఒప్పుకోను. పిలిచి వినాలి, అంతవరకే.

రైతు: విని పంపేయడం మాకు కొత్త కాదు. జిల్లా సాగునీటి సలహా మండలి సభల్లో అదే జరుగుతుంది. మేం చెప్తాం, రాసుకుంటారు, నీళ్ల తేదీలు ముందే అచ్చయి ఉంటాయి. ఓటు లేని చోట మాట నిలవదు.

ఇంజనీరు: ఓటుకు ముందు బాధ్యత కావాలి. ఒక్క కారు పూర్తిగా ఆ రెండు గేజీల లెక్క రాయండి. ఒక్క రోజూ, ఒక్క సంతకమూ తప్పకుండా. పక్కవాడికి మేలు చేసే అంకె అయినా సరే దాచకుండా రాయండి. అది చేసి చూపిస్తే ఓటు కావాలని బోర్డుకు రాసే అర్జీ మీద నేనే మొదటి సంతకం పెడతాను. చేయలేకపోతే నా మాటే నెగ్గిందని ఒప్పుకో.

రైతు: ఒప్పుకుంటాను. కానీ ఆ షరతు శాఖకూ వర్తించాలి. మా లెక్కా మీ లెక్కా ఒకే బోర్డు మీద పక్కపక్కన రాయాలి. రెండూ కలిస్తే మంచిది, కలవకపోతే ఎందుకు కలవలేదో రెండు వైపులవాళ్లూ చెప్పాలి. ఖరీఫ్ నీళ్లు వదలకముందే మీ ఒడ్డు నుంచి నలుగురిని తీసుకురండి, రాయచూరు వైపు నుంచి నలుగురిని నేను పిలుస్తాను. ముందు అందరం కలిసి ఆనకట్ట నుంచి మా చివరి తూము దాకా కాలువ మొత్తం చూద్దాం. ఆ తర్వాతే గేజి ఎక్కడ పెట్టాలో తేల్చుకుందాం.